వేపుడికి రవ్వా, కొర్రమీనా? చెరువు చేప పెనం మీద వేయించేవాళ్ళు చెప్పండి

ఉప్పల్_కోడలు
బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది విశాఖ. వంజరం, చందువ, కానాగంతలు తింటూ పెరిగాను కాబట్టి సముద్రం చేప వేపుడంటే నాకు బెరుకు లేదు. పెళ్ళయి ఉప్పల్ వచ్చాక సంగతి వేరు. అత్తగారిది పరకాల వైపు. ఆ ఇంట్లో చేప అంటే చెరువు చేపే. వచ్చే వారం మృగశిర రోజున అత్తమామలు, ఆడపడుచు వాళ్ళు, పిల్లలు, అందరూ మా ఇంటికే వస్తున్నారు. పులుసు తనే పెడతానని అత్తయ్య అన్నారు. వేపుడు నాకు వదిలేశారు.

వేపుడికి రవ్వ తీసుకోవాలా, బొచ్చె తీసుకోవాలా, కొర్రమీనా? ముక్క ఎంత మందం కొట్టించాలి? చెరువు చేపకి ఉండే మట్టి వాసన పులుసులో అయితే చింతపండు కింద అణిగిపోతుంది, వేపుడులో అలాగే తెలుస్తుంది కదా, దానికి ఏం చేస్తారు? ఇంట్లో ఇనుప పెనం ఒకటి, నాన్‌స్టిక్ ఒకటి ఉన్నాయి. మామగారు గుండెకి మందులు వాడుతున్నారు, అందుకని నూనెలో ముంచి వేయించడం వద్దు, పెనం మీదే చేయాలి.

మంజీర_గట్టు
బుధవారం, రాత్రి 10:05

చెల్లీ, పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నారంటున్నావు కాబట్టి కొర్రమీనే తీసుకో, మేము కొర్రమట్ట అంటాం. రేటు రవ్వకి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మృగశిర రోజు అయితే చెప్పనక్కర్లేదు. అయినా ఆ డబ్బు ఊరికే పోదు. కొర్రమట్టలో నడుమ వెన్నుముల్లు, కడుపు దగ్గర పక్కముళ్ళు, అంతే. మాంసం లోపల సన్నముళ్ళు ఉండవు.

రవ్వ, బొచ్చె, మోసు, బంగారుతీగ అలా కాదు. వీపు మాంసంలోనూ తోకలోనూ కొస చీలిన సన్నముళ్ళు దాగి ఉంటాయి. అవి వెన్నుముల్లుకి అతుక్కుని ఉండవు, కాబట్టి వెన్ను తీసేసినా అవి మాంసంలోనే మిగులుతాయి. పులుసు ముక్క మెత్తగా ఉంటుంది, వేళ్ళతో విప్పి తీసేస్తాం. వేపుడు ముక్క పైన గట్టిపడుతుంది, అందులోంచి పిల్లలకి ముళ్ళు ఏరి పెట్టడం అంటే తల్లి తిన్నట్టే లేదు.

కొర్రమట్ట ప్రాణంతో ఉన్నదే కొను. గాలి పీల్చే చేప, కొద్ది నీళ్ళలో కూడా గంటల తరబడి బతికి ఉంటుంది. అందుకే బజారులో తొట్టిలో కదులుతూ కనిపిస్తుంది. చచ్చినదాన్ని అదే రేటుకి అంటగడితే తీసుకోవద్దు. కిలో, కిలోంబావు ఉన్న చేప వేపుడుకి బాగుంటుంది.

దీనికి జిగురు ఎక్కువ. ఊళ్ళో అయితే పొయ్యి బూడిద పోసి బండ మీద రుద్దుతాం. ఫ్లాట్‌లో బూడిద దొరకదు కదా, రాళ్ళ ఉప్పు, కాస్త శెనగపిండి కలిపి రుద్దు. చెయ్యి జారడం ఆగేదాకా రుద్ది కడగాలి. జిగురు మిగిలితే మసాలా ముక్కకి పట్టదు.

అమలాపురం_వంటిల్లు
బుధవారం, రాత్రి 10:50

కొర్రమీను మంచి చేపే, కాదనను. కానీ వేపుడు రుచి అడిగారు కాబట్టి నా ఓటు శీలావతికేనండి. మీరు రవ్వ అంటున్నది అదే. కొర్రమీనులో కొవ్వు తక్కువ. పెనం మీద రెండు నిమిషాలు ఎక్కువ ఉంటే పీచు పీచుగా అయిపోతుంది. రెండు కిలోల పైన ఉన్న శీలావతి కడుపు ముక్క అయితే తన కొవ్వులో తనే వేగుతుంది. ఆ రుచి కొర్రమీనుకి రాదు.

ముళ్ళ సంగతికి ఉపాయం ఉంది. చేపని అడ్డంగా గుండ్రటి ముక్కలు కొట్టించకుండా, ముందు వెన్ను వెంబడి నిలువుగా రెండు చెక్కలు చేయమనండి. కడుపు వైపు మాంసం పెద్ద ముక్కలుగా వేరు చేయించండి, అందులో పక్కముళ్ళే ఉంటాయి, పెద్దవి, చేతికి తెలుస్తాయి. ఆ ముక్కలు పిల్లలకి పెట్టండి. వీపు చెక్కకి మాత్రం చర్మం కింద పెట్టి, మాంసం వైపు నుంచి చర్మం తెగకుండా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. గాటుకీ గాటుకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు మించకూడదు. సన్నముళ్ళు చిన్న చిన్న తునకలైపోతాయి, గాట్లలోకి వేడి నూనె దిగి అవి కరకరలాడతాయి. తినేటప్పుడు పంటికి తగలవు. కత్తి బాగా పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో చేస్తే మాంసం నలిగిపోతుంది.

బజారులో కొట్టేవాళ్ళకి ముందే చెప్పాలండి, తొందరలో ఉంటారు. "వేపుడు ముక్కలు" అని ఊరుకుంటే అలవాటు ప్రకారం అడ్డంగా కొట్టేస్తారు. నా ఉద్దేశంలో వేపుడు సగం అక్కడే తేలిపోతుంది, పెనం దాకా రానక్కర్లేదు.

బ్యాచిలర్_రూం
బుధవారం, రాత్రి 11:12

బొచ్చె ఎవరూ చెప్పడం లేదేంటి? మా కూకట్‌పల్లిలో అదే ఎక్కువ దొరుకుతుంది.

అమలాపురం_వంటిల్లు
బుధవారం, రాత్రి 11:20

బొచ్చెకి తల చాలా పెద్దది బాబూ. తూకంలో తలకే ఎక్కువ పోతుంది. ఆ తల పులుసుకి అద్భుతం. వేపుడుకి కొంటే మాత్రం ముక్కలు తక్కువ వస్తాయి. ఏ చేపైనా కిలో కొంటే తల, పొట్ట, రెక్కలు పోను వేపుడుకి మిగిలేది అరకిలో పైచిలుకు అనుకుని లెక్క వేసుకో.

ఆక్వా_భీమవరం
గురువారం, ఉదయం 6:35

మట్టి వాసన గురించి చెప్తాను. నేను చేపల చెరువుల మీద పని చేస్తాను, ఇది మాకు రోజూ ఎదురయ్యే సమస్య.

చేప బురద తినడం వల్ల ఆ వాసన వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. చెరువు నీళ్ళలో పెరిగే కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు, కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని, దానికి తోడు ఎంఐబి అనే ఇంకోదాన్ని తయారు చేస్తాయి. ఎండాకాలం తర్వాత తొలకరి చినుకుకి నేల నుంచి వచ్చే వాసన ఉంది చూడండి, అందులో ఉండేది ఈ జియోస్మినే. నీళ్ళలో కలిసిన ఈ పదార్థం చేపకి ఎక్కువగా మొప్పల ద్వారా ఎక్కుతుంది. కొవ్వులో చేరుతుంది. కాబట్టి కడుపు కొవ్వు, చర్మం, చర్మం కింద పక్కల వెంబడి ఉండే ముదురు ఎర్ర మాంసం, వీటిలో వాసన ఎక్కువ. బొచ్చె చెరువు పైనీళ్ళలో మేస్తుంది, రవ్వ నడుమ, మోసు అడుగున. కానీ అదే చెరువులో నాచు కట్టి ఉంటే మూడింటికీ వాసన పడుతుంది.

మంచి రైతు ఏం చేస్తాడంటే, పట్టే ముందు మేత ఆపి, కొత్త నీళ్ళు పెట్టి, కొన్ని రోజులు ఉంచుతాడు. శుభ్రమైన పారే నీళ్ళలో ఉంటే ఆ వాసన క్రమంగా దిగిపోతుంది. నది చేపకి, పెద్ద జలాశయం చేపకి వాసన తక్కువ ఉండేది కూడా నీరు కదులుతూ ఉంటుంది కాబట్టే.

ఇంటి దగ్గర చేయగలిగింది కూడా ఉంది. పులుపుకి జియోస్మిన్ విరుగుతుంది, వాసన లేని పదార్థంగా మారుతుంది. మన పెద్దవాళ్ళు చేపని మజ్జిగలోనో, పలుచటి చింతపండు నీళ్ళలోనో, నిమ్మరసంలోనో కడగడం వట్టి ఆచారం కాదు. ముక్కలకి రాళ్ళ ఉప్పు, పసుపు రుద్ది, పుల్ల మజ్జిగ పోసి పది పదిహేను నిమిషాలు ఉంచి శుభ్రంగా కడగండి. కడుపు లోపల నల్లటి పొర ఉంటుంది, గీకేయండి. వెన్నుముల్లు కింద గడ్డకట్టిన రక్తం గీత ఉంటుంది, గోరుతో తీసేయండి. చాలా ఇళ్ళలో ఈ రక్తం వదిలేసి వాసన నింద చేప మీద వేస్తారు.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. మొప్ప దగ్గర ముక్కు పెట్టి చూడటానికి మొహమాటపడకండి. అక్కడే మట్టి వాసన కొడితే ఇంకో చేప తీయించండి.

సాగర్_కట్ట
గురువారం, ఉదయం 8:10

ఆక్వా అన్న చెప్పింది నూటికి నూరు నిజం. సాగర్ నీళ్ళ రవ్వ తిన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది.

కానీ నిమ్మరసం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. మసాలాలో నిమ్మరసం కలిపి రెండు గంటలు నానబెట్టేవాళ్ళని చూశాను. చెరువు చేప మాంసం అసలే మెత్తన. పులుపు తగిలితే పై పొర తెల్లబడి, పొడి పొడిగా అయిపోతుంది. పెనం మీద తిప్పేటప్పుడు విరిగేది ఇందుకే. నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండుకోవాలి. మసాలాలో వద్దు.

అమలాపురం_వంటిల్లు
గురువారం, ఉదయం 9:02

నేను నలభై ఏళ్ళుగా మసాలాలోనే వేస్తున్నానండి, ముక్క విరగలేదు. నిమ్మ లేకపోతే కారం పచ్చిగా ఉన్నట్టు ఉంటుంది. రెండు గంటలు నానబెడితే మీరన్నది నిజమే. నేను పావుగంట మించను.

సాగర్_కట్ట
గురువారం, ఉదయం 9:30

పావుగంట అయితే ఒప్పుకుంటాను అమ్మా. మీ చెయ్యి తిరిగిన చెయ్యి. కొత్తగా చేసేవాళ్ళు పావుగంట అనుకుని చుట్టాలు వచ్చి ఆలస్యమైతే గంట అయిపోతుంది. ఆ అమ్మాయికి చుట్టాలొచ్చే రోజు కాబట్టి చెప్తున్నాను. పులుపు పని ఏదైనా కడగడంలోనే అవగొట్టేస్తే, మసాలా పట్టించాక ఆలస్యమైనా ముక్క చెడదు.

ఇనుప_పెనం
గురువారం, మధ్యాహ్నం 1:15

ఇనుప పెనమే వాడండి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఇది అర్థమైతే ఏ చేపైనా ఏ పొయ్యి మీదైనా వేయించవచ్చు.

ముక్క పెనానికి అంటుకోవడానికి ముఖ్య కారణం తడి. చేప మాంసంలోని ప్రొటీన్లు వేడి లోహానికి నేరుగా తగిలితే పట్టేసుకుంటాయి. మధ్యలో కాగిన నూనె పొర ఉండి, ముక్క పైన తడి లేకపోతే, పట్టుకునే లోపే పైన చెక్కు కడుతుంది. తడిగా ఉంటే ఆ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నీరు పోయేదాకా ముక్క ఉడుకుతుంది తప్ప వేగదు.

అందుకని నేను ఉప్పు రెండు దఫాలుగా వేస్తాను. కడిగిన ముక్కలకి ముందు కాస్త ఉప్పు, పసుపు పట్టించి పదిహేను నిమిషాలు జల్లెడలో ఏటవాలుగా పెడతాను. ఉప్పు నీటిని లాగుతుంది, కింద గిన్నెలో నీళ్ళు దిగుతాయి. అప్పుడు పొడి కాటన్ గుడ్డతో ఒక్కో ముక్కా అద్దుతాను. మసాలా ఆ తర్వాతే. ఈ పని ఎవరూ చేయరు, కానీ చెరువు చేపకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అని నా నమ్మకం. వంజరం గట్టి మాంసం, తడి తక్కువ, అది లేకపోయినా నడుస్తుంది. రవ్వకి నడవదు.

మసాలా కూడా గట్టిగా, పేస్టులా ఉండాలి, నీళ్ళు పోయకూడదు. కిలో ముక్కలకి రెండు టేబుల్ స్పూన్ల కారం, ఒక స్పూను ధనియాల పొడి, ఒక స్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, చిటికెడు మెంతిపొడి, మిగిలిన ఉప్పు, కలపడానికి సరిపడా నూనె. అల్లం వెల్లుల్లి మెత్తగా నూరాలి. బరకగా ఉంటే ఆ పలుకులు మాడి చేదు వస్తుంది. అరగంట చాలు.

ఇక పెనం. సన్న రేకు పెనం వద్దు, బరువైనది కావాలి. ముక్క వేయగానే సన్న పెనం చల్లబడిపోతుంది. ఖాళీ పెనం మధ్యస్థ మంట మీద మూడు నాలుగు నిమిషాలు కాలనివ్వండి. నీటి చుక్క చల్లితే గోలీలా దొర్లాలి. అప్పుడు అడుగంతా పరుచుకునేలా వేరుశెనగ నూనె పోయండి. నూనె పలుచబడి అలలుగా కదిలితే, పొగ రాకముందే ముక్క వేయాలి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టే ఖాళీ ఉంచండి, ఇరికిస్తే ఆవిరి బయటికి పోదు. వేశాక నాలుగు నిమిషాలు ముట్టుకోకండి. అందరూ ఇక్కడే ఆగలేక అట్లకాడ పెడతారు. చెక్కు కట్టాక ముక్క తనంతట తనే పెనాన్ని వదులుతుంది. అంచు కింద అట్లకాడ పెడితే కదలకపోతే ఇంకా వేగలేదని అర్థం, ఇంకో నిమిషం ఉంచండి. ఒక్కసారే తిప్పాలి. రెండో వైపు మూడు నిమిషాలు. ముక్క మందం అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఉంటే ఈ లెక్క సరిపోతుంది.

ఒక వాయి అయ్యాక పెనంలో రాలిన కారం తుడిచేసి కొత్త నూనె వేయండి. లేకపోతే రెండో వాయికి నల్ల మచ్చలు, మాడు వాసన. ఇది కూడా బద్ధకించే పనే.

నాన్‌స్టిక్ మీద అంటుకోదు, నిజమే, కానీ దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద కాల్చకూడదు, 260 డిగ్రీలు దాటితే పూత చెడటం మొదలవుతుంది. అంత వేడికి పోకుండా చేసుకోవాలి కాబట్టి చెక్కు ఇనుము మీద కట్టినంత బాగా కట్టదు.

బ్యాచిలర్_రూం
గురువారం, మధ్యాహ్నం 2:40

పిండి ఏమీ వేయరా? హోటల్లో పైన కరకరలాడుతుంది కదా.

మంజీర_గట్టు
గురువారం, మధ్యాహ్నం 3:05

హోటల్లో మొక్కజొన్న పిండి, గుడ్డు కలిపి నూనెలో ముంచుతారు తమ్ముడూ. అది పిండి రుచి. మా ఇంట్లో ఏమీ వేయం. చేప బాగుంటే చేప రుచి చాలు.

ఇనుప_పెనం
గురువారం, మధ్యాహ్నం 3:30

నేను వేస్తాను. కలపను, చల్లుతాను. మసాలా పట్టిన ముక్క పెనం మీదకి వెళ్ళే ముందు రెండు వైపులా పొడి బియ్యప్పిండి పలుచగా అద్ది, దులిపి వేస్తాను. మిగిలిన తడి ఏదైనా ఉంటే పిండి పీల్చుకుంటుంది, కారం నూనెలోకి రాలదు. శెనగపిండి వద్దు, నూనె ఎక్కువ పీలుస్తుంది, చల్లారితే మెత్తబడుతుంది. వాళ్ళ మామగారి సంగతి చూస్తే బియ్యప్పిండే మేలు.

బాసర_దారి
గురువారం, సాయంత్రం 5:50

మీరంతా పెద్ద చేపల దగ్గరే ఆగారు. నన్నడిగితే పెనం వేపుడికి పుట్టినవి చిన్న చేపలే. వానాకాలం మొదలై వాగులు పారితే పరిగెలు వస్తాయి, వేలెడంత ఉంటాయి. పొట్ట నొక్కి శుభ్రం చేసి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, పెనం మీద పరిచి సన్న మంట మీద కరకరలాడేదాకా వేయిస్తే తల, ముల్లు సహా నమిలేయొచ్చు. ముళ్ళతో తింటాం కాబట్టి కాల్షియం కూడా బాగా అందుతుంది. కష్టం అంతా శుభ్రం చేయడంలో ఉంది. కిలో పరిగెలు బాగు చేయడానికి ఇద్దరు కూర్చోవాలి. మా అమ్మ, పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ ఓపిక లేక బజారులో వాటిని అడిగేవాళ్ళు తగ్గారు, అందుకని తెచ్చేవాళ్ళూ తగ్గారు. నాకు అది బాధగా ఉంటుంది.

జెల్లలు కూడా వేపుడికి బాగుంటాయి. పొలుసు ఉండదు. కానీ వీపు మీద ఒకటి, మొప్పల పక్కన చెరో వైపు ఒకటి, మొత్తం మూడు ముళ్ళు ఉంటాయి. గుచ్చుకుంటే విపరీతమైన సలుపు. వాటిని కొట్టించేసే ఇంటికి తెచ్చుకోండి.

డాలస్_తెలుగు
గురువారం, సాయంత్రం 6:20

ఇక్కడ తెల్లవారింది, టీ తాగుతూ అంతా చదివాను. బంగ్లాదేశీ కొట్లలో గడ్డకట్టిన రవ్వ ముక్కలు దొరుకుతాయి. గడ్డకట్టేటప్పుడు మాంసం లోపలి నీరు మంచు పలుకులై కణాలు చిట్లుతాయి, కరిగించగానే నీళ్ళు కారుతూనే ఉంటాయి. నేను రాత్రంతా ఫ్రిజ్‌లో, జాలీ మీద పెట్టి కరిగిస్తాను. వేడినీళ్ళలో వేస్తే పైన మెత్తబడి లోపల రాయిలా ఉంటుంది. ఇనుప_పెనం గారు చెప్పిన ఉప్పు పద్ధతి దీనికి ఇంకా అవసరం అనిపిస్తోంది.

తాజా మంచినీటి చేప కావాలంటే ఇక్కడ క్యాట్‌ఫిష్, ట్రౌట్ వాడుకోవచ్చు. క్యాట్‌ఫిష్‌లో సన్నముళ్ళ బెడద లేదు, మన మసాలా బాగా పడుతుంది. ట్రౌట్‌ని చర్మంతోనే, చర్మం వైపు ముందు వేసి వేయించాలి, చాలా త్వరగా అయిపోతుంది. ఎలక్ట్రిక్ పొయ్యి మీద మంట తగ్గించినా పెనం వెంటనే చల్లబడదు, అందుకని నేను రెండో వైపు తిప్పాక పొయ్యి ఆపేస్తాను. మిగిలిన వేడికే ఉడికిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో పొగ అలారం టెన్షన్ ఉన్నవాళ్ళకి ఇది పనికొస్తుంది.

ఉప్పల్_కోడలు
గురువారం, రాత్రి 9:15

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పిల్లల కోసం కొర్రమీను ఒకటి, పెద్దవాళ్ళకి రవ్వ, రెండూ తీసుకుంటాను. రవ్వలో జన (గుడ్ల సంచి) ఉంటే పారేయాలా, వేయించవచ్చా? చేదుగడ్డ (పిత్తాశయం) చిట్లితే ఏం చేయాలి? మా పక్కింటావిడ ఆ గడ్డ పచ్చిగా మింగితే షుగర్‌కి మంచిదని చెప్పారు, నిజమేనా?

నర్సు_ఖమ్మం
గురువారం, రాత్రి 9:28

దయచేసి ఎవరూ మింగకండి. ఎవరైనా మింగుతామంటే ఆపండి. రవ్వ, బొచ్చె, గడ్డిచేప జాతి చేపల చేదుగడ్డలోని పైత్యరసం మనిషికి విషం. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి, తర్వాత మూత్రం తగ్గిపోయి కిడ్నీలు పని ఆపేస్తాయి. డయాలసిస్ దాకా వెళ్ళిన కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఉడికించినా ఆ విషం పోదు. షుగర్‌కి, కీళ్ళనొప్పులకి, కంటిచూపుకి అని రకరకాలుగా చెప్తారు. ఒక్కదానికీ పనికిరాదు. ఎవరైనా ఇప్పటికే మింగి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి, చేప చేదుగడ్డ మింగారని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పాలి.

ఉప్పల్_కోడలు
గురువారం, రాత్రి 9:35

అమ్మో, మంచి పని చేశారు అక్కా. ఇప్పుడే వెళ్ళి ఆవిడకి చెప్తాను.

ఆక్వా_భీమవరం
గురువారం, రాత్రి 10:00

శుభ్రం చేసేటప్పుడు చిట్లి కాస్త మాంసానికి తగిలితే, పచ్చగా అయిన చోట వెంటనే కారే నీళ్ళ కింద కడిగి, ఆ పలుచటి పొర కోసి పారేయండి. మిగతా చేపకి ఇబ్బంది లేదు. పొట్ట కోసేటప్పుడు కత్తి లోతుగా దింపకుండా, తల దగ్గర నుంచి పేగులన్నీ ఒకే గుత్తిగా లాగితే గడ్డ చిట్లదు.

అమలాపురం_వంటిల్లు
గురువారం, రాత్రి 10:25

జన పారేయకండమ్మా! జూన్‌లో రవ్వకి జన పట్టే కాలమే. సంచి చిట్లకుండా తీసి, పసుపు, ఉప్పు వేసిన నీళ్ళలో ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉడికించి, చల్లారాక బిళ్ళలు కోసి అప్పుడు పెనం మీద వేయించండి. పచ్చిగా వేస్తే గింజలు టపటపా పేలి ముఖం మీద పడతాయి. ఉడికించకుండా చేయాలనుకుంటే, ఉల్లిపాయ, పచ్చిమిరప, కాస్త శెనగపిండి కలిపి పెసరట్టు మందంలో మూతపెట్టి కాల్చుకోవచ్చు. మీ మామగారికి మాత్రం చిన్న ముక్కే పెట్టండి, కొలెస్ట్రాల్ ఎక్కువ అందులో.

బ్యాచిలర్_రూం
గురువారం, రాత్రి 11:05

గోదావరి వాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పులస వేపుడు చేస్తారా?

అమలాపురం_వంటిల్లు
గురువారం, రాత్రి 11:15

చేయం. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చిన చేప అది, నిండా కొవ్వు, నిండా ముళ్ళు. మట్టి దాకలో పులుసుగా పెట్టి, మర్నాడు తినాల్సిందే. అంత ధర పెట్టి కొని పెనం మీద ఆ కొవ్వు కరిగించుకోవడం అన్యాయం.

ఉప్పల్_కోడలు
శుక్రవారం, ఉదయం 7:20

ఇంకొక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మొత్తం పది మందిమి. పెనం మీద ఒక వాయికి ఐదారు ముక్కలు పడతాయి. అందరికీ వేయించేసరికి మొదటివి చల్లారి మెత్తబడతాయి కదా? హాట్‌బాక్స్‌లో పెట్టొచ్చా?

ఇనుప_పెనం
శుక్రవారం, ఉదయం 8:05

హాట్‌బాక్స్ వద్దు. మూత పెట్టగానే ముక్కలోంచి వచ్చే ఆవిరి మూతకి తగిలి నీరై మళ్ళీ ముక్క మీదే పడుతుంది, పావుగంటలో చెక్కు అంతా నానిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినా అంతే. వెడల్పాటి పళ్ళెంలో ఇనుప జాలీ పెట్టి, దాని మీద విడివిడిగా పెట్టండి, పైన ఏమీ కప్పకండి. కింద నుంచి కూడా గాలి ఆడాలి.

ముక్కలన్నీ ముందుగా వేయించి పెట్టుకోవాలంటే రెండో వైపు ఒక నిమిషం ముందే తీసేయండి. వడ్డించే ముందు పెనం మళ్ళీ కాల్చి, నూనె వేయకుండా ఒక్కో వైపు నిమిషం చొప్పున వేడి చేయండి, చెక్కు మళ్ళీ గట్టిపడుతుంది. గంటకి మించి మాత్రం బయట ఉంచకండి, జూన్ ఎండల్లో చేప తొందరగా పాడవుతుంది. మంచినీటి చేప లోపల పచ్చి మిగలకూడదు కూడా. వెన్నుముల్లు దగ్గర విప్పి చూస్తే మాంసం తెల్లబడి ముల్లు నుంచి తేలిగ్గా విడిపోవాలి, అద్దంలా మెరుస్తుంటే ఇంకా ఉడకాలి.

వీలైతే రెండు పెనాలు పెట్టండి. కొర్రమీను నాన్‌స్టిక్ మీద తక్కువ మంటలో, రవ్వ ఇనుము మీద. కరివేపాకు చివర్లో, ఆఖరి వాయి నూనెలో వేయించి పైన చల్లండి, ముందే వేస్తే నల్లబడుతుంది.

మంజీర_గట్టు
శుక్రవారం, ఉదయం 8:40

చేప మృగశిర రోజు పొద్దున కొనొద్దు చెల్లీ. ఆ రోజు ముషీరాబాద్, రాంనగర్ మార్కెట్లలో అడుగు పెట్టే సందు ఉండదు, నువ్వు చెప్పినట్టు నిదానంగా చెక్కలు చేసి ఇచ్చే తీరిక ఎవరికీ ఉండదు. ముందు రోజు పొద్దున్నే వెళ్ళి కొట్టించుకో. కడిగి, తడి అద్ది, మసాలా పెట్టకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో మూత లేకుండా ఉంచు, కింద ఇంకో గుడ్డ పరుచు. పొద్దునకి ముక్క ఇంకా ఆరి వేపుడుకి సిద్ధంగా ఉంటుంది. కొర్రమట్ట కూడా కొట్టు దగ్గర ప్రాణంతో చూసుకుని, అక్కడే కొట్టించి తెచ్చుకో, ఇంటిదాకా బతికించి తేవాలని చూడకు.